కాశీ బాటసారి ఏనుగుల వీరాస్వామయ్య

మహదేవపూర్ నుండి అడవి దారిన సాగి కాళేశ్వరం చేరిన యాత్రికునికి అక్కడ రెండు మహానదుల కలయిక కనిపిస్తుంది. పడమటి నుండి ప్రవహించి వచ్చే గోదావరిలో ఉత్తరం నుండి దిగివచ్చే ప్రాణహిత లీనమవుతుంది. అంతర్వాహినిగా సరస్వతి కూడా కలుస్తుందని నమ్మి పెద్దలు దీనిని త్రివేణీ సంగమమన్నారు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు వెలసిన ముక్తీశ్వరాలయం ఆ ఒడ్డునే ఉంది. ప్రాణహిత తనకు తానుగా పుట్టిన నది కాదు. వార్ధా, వైన్‌గంగ నదుల కలయికతో అది ఏర్పడుతుంది. అంతకు ముందే పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది. నాగపూర్ సమీపాన పారే కన్హాన్ నది వైన్‌గంగను చేరుతుంది. ఇన్ని ఏరుల నీరు ఒక్కటై మన ప్రాంతానికి వస్తున్నది.

ఈ నదులను రైలుగాని, పెద్ద వంతెనలుగాని లేని కాలంలో ఒక్కొక్కటిగా దాటి, కాశీకి వెళ్లి, తిరిగి వచ్చి, తాను చూసినదంతా తెలుగులో రాసిపెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన నడిచిన బాట కాళేశ్వరం మీదుగా సాగలేదు. అయినా ఆ బాటలో ఆయన కాళ్లు తడిపిన నీరు ఎన్నో మలుపులు తిరిగి ఇక్కడికే చేరింది. అందుచేత ఈ సంగమ తీరాన నిలిచి ఆయన జీవితాన్ని స్మరించడం ఉచితమే.

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో జన్మించారు. ఆయన జీవితం ప్రధానంగా చెన్నపట్టణంలో గడిచింది. ఆనాటి చెన్నపట్టణం తెలుగువారికీ, తమిళులకూ ఉమ్మడి నగరం. తూర్పు ఇండియా కంపెనీ వర్తకం, పరిపాలన, న్యాయస్థానాలు అక్కడ కేంద్రీకృతమై ఉండేవి. పేరు ప్రతిష్ఠలు కోరే యువకులు ఇంగ్లీషు నేర్చి కంపెనీ కచేరీలలో ప్రవేశించేవారు. వీరాస్వామయ్య కూడా ఆ మార్గాన్నే అనుసరించారు. తెలుగు, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు భాషలలో నైపుణ్యం సంపాదించి, క్రమంగా చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అందుకున్నారు.

దుబాసీ అనగా రెండు భాషల నడుమ వారధి వంటివాడు. 1801లో నెలకొన్న ఆ న్యాయస్థానంలో న్యాయమూర్తులు ఇంగ్లీషువారు. కక్షిదారులు, సాక్షులు దేశీయులు. సాక్షి పలికిన మాట న్యాయమూర్తి చెవికి చేరే లోపల దుబాసీ నాలుక మీదుగా ప్రయాణం చేయాలి. ఆ ప్రయాణంలో ఒక్క మాట తారుమారైతే ఒకరి ఆస్తి పోవచ్చు, మరొకరి ప్రాణమే పోవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పడం, లేనిదాన్ని చేర్చకపోవడం ఆ వృత్తికి ప్రాణం. వీరాస్వామయ్యకు ఈ క్రమశిక్షణ దీర్ఘకాలం అలవడింది. తరువాతి కాలంలో ఆయన యాత్రా రచనకు విలువ తెచ్చినది కూడా ఈ గుణమే.

సుమారు యాభయ్యేళ్ల వయసులో ఆయన కాశీయాత్ర తలపెట్టారు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అనే సామెత ఊరక పుట్టలేదు. దారిలో అడవులు, దొంగలు, వరదలు, అంటువ్యాధులు ఉండేవి. అనేక రాజ్యాల పొలిమేరలు దాటాలి. ఒక్కొక్క చోట ఒక్కొక్క నాణెం, ఒక్కొక్క సుంకం, ఒక్కొక్క భాష. జబ్బుపడితే వైద్యుడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. ఇంటివద్ద ఏమి జరిగినా కబురు చేరడానికి వారాలు పట్టేది. అటువంటి దారిలో అడుగుపెట్టేవారు అప్పగింతలు పెట్టుకుని మరీ బయలుదేరేవారు. గౌరవప్రదమైన ఉద్యోగం, సుఖమైన ఇల్లు ఉన్న మనిషి ఆ వయసులో అంతటి సాహసానికి పూనుకోవడానికి భక్తి ఒక కారణం. దేశం చూడవలెనన్న కుతూహలం మరొక కారణం. ఈ రెండింటిలో ఏది ఎక్కువో ఆయన రచన చదివినవారికి తేల్చి చెప్పడం కష్టం.

1830 మే 18వ తేదీ రాత్రి వీరాస్వామయ్య చెన్నపట్టణం నుండి ప్రయాణమయ్యారు. బంధువులు, పరిచారకులు, పల్లకి మోసే బోయీలు, సామానులు మోసేవారు కలిసి ఆయన వెంట దాదాపు నూరుమంది ఉన్నారు. ఇంతమందికి ప్రతిదినం అన్నం, నీరు, తలదాచుకునే చోటు సమకూర్చవలసిన భారం ఆయనదే. నూరుమందితో సాగే యాత్ర ఒంటరి సాహసికుని యాత్ర వంటిది కాదు. ఒంటరివాడు తప్పటడుగు వేస్తే తానొక్కడే నష్టపోతాడు. నాయకుడు తప్పు దారి ఎంచుకుంటే అందరూ అడవిపాలవుతారు. అందుచేతనే రేపటి మజిలీలో నీరున్నదా, అంగళ్లున్నవా, వాగు దాటడానికి వీలున్నదా అన్న విచారం ఆయన రచన పొడవునా కనిపిస్తుంది.

ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె. దారి విశేషాలు తనకు తెలియజేయవలసిందిగా ఆయన కోరారు. ఆ స్నేహధర్మాన్ని పాటించి వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ తాను చూసినదీ, విన్నదీ రాసి పంపుతూ వచ్చారు. ఒక మిత్రుని కోరిక కారణంగా తెలుగు సాహిత్యానికి యాత్రాచరిత్ర అనే ప్రక్రియ లభించింది.

యాత్రలోని తొలి ఘట్టం కొండల ఘట్టం. తిరుమల కొండ ఎక్కి వేంకటేశ్వరుని సేవించిన తరువాత ఆ బృందం కడప సీమ మీదుగా అహోబిలం చేరింది. నల్లమల కొండల లోయలలో దాగిన ఆ నరసింహ క్షేత్రానికి రాళ్ల నడుమ, సెలయేళ్ల నడుమ నడిచి పోవాలి. అటుపిమ్మట మహానంది, ఆత్మకూరుల మీదుగా శ్రీశైలం దారి పట్టారు. ఆనాడు శ్రీశైలానికి బండ్లు పోయే బాట లేదు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా సాగే కాలిబాట యాత్రికులకు దిక్కు. నిలువుగా లేచిన కొండచరియలు, వాటిని కోసుకుపోయిన లోతైన లోయ, ఎండవేళ అరుదుగా దొరికే నీరు, పులులు తిరిగే అడవి ఆ దారి లక్షణాలు. రెడ్డిరాజుల కాలంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల, అహోబిలాలకు మెట్లు కట్టించారు. ఆ మెట్లే లేకుంటే అక్కడ సామాన్యునికి దైవదర్శనం దుర్లభమయ్యేది. నేటికీ ఆ ప్రాచీన మార్గంలో శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు కాలినడకన వెళుతున్నారు.

కొండ ఎక్కడంలో వీరాస్వామయ్య చూసింది ప్రకృతి శోభ ఒక్కటే కాదు. అడవినే ఇల్లుగా చేసుకుని జీవించే చెంచుల బతుకును ఆయన గమనించారు. శ్రీశైలానికి వచ్చే యాత్రికుల నుండి కర్నూలు నవాబు పక్షాన సుంకం వసూలు చేసే పద్ధతిని గమనించారు. దేవుని పేర వచ్చే ఆదాయం కొండదారి బాగుకుగాని, ఆలయ రక్షణకుగాని తగినంతగా ఉపయోగపడకపోవడం ఆయనను నొప్పించింది. భక్తుని కన్ను, అధికారి కన్ను కలిసి చూసిన చూపు అది.

కృష్ణానది దాటిన పిమ్మట ఆయన నిజాం రాజ్యంలో ప్రవేశించారు. పాలమూరు సీమలోని సంస్థానాల నడుమ అప్పట్లో తగవులు జరుగుతుండేవి. ప్రభువులు కలహించుకుంటే దోపిడికి గురయ్యేది పల్లెలు. పండిన పంటకు పూచీ లేనిది రైతుకు. ఈ స్థితిని వీరాస్వామయ్య నిస్సంకోచంగా రాశారు. హైదరాబాదు నగరపు వైభవాన్నీ, మూసీనదినీ, హుస్సేన్‌సాగర్ చెరువునూ, బ్రిటిష్ రెసిడెన్సీనీ వర్ణించారు. అదే నగరంలో ఆయుధాలు ధరించి వీధులలో తిరిగేవారి వల్ల సామాన్యులకు కలిగే భయాన్నీ దాచలేదు. అప్పటికి నిజాం నాసిరుద్దౌలా గద్దెనెక్కి ఏడాది దాటింది. రాజ్యవ్యవహారాలలో చందూలాల్ మాట చెల్లుబాటవుతుండేది. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాల తెలంగాణ గ్రామాలు, ధరలు, వృత్తులు, దారులు ఎలా ఉండేవో తెలుసుకోగోరే చరిత్రకారులకు ఈ పుటలు పెన్నిధి వంటివి.

హైదరాబాదు నుండి ఉత్తరంగా సాగిన బాట కామారెడ్డి, నిర్మల, ఆదిలాబాదుల మీదుగా నాగపూర్‌కు పోతుంది. వానకాలంలో ఆ బాట పట్టడం సామాన్యమైన సంగతి కాదు. ఉప్పొంగిన గోదావరిని దాటాలి. దానికి ఉత్తరాన నిర్మల కొండలు, కనుమలు ఎదురవుతాయి. ఆ కొండల అవతల నల్లరేగడి నేల. వానకు తడిసిన రేగడిలో అడుగు వేస్తే కాలు దిగబడుతుంది, అడుగు తీస్తే మట్టి కాలితో పాటు లేస్తుంది. అటువంటి నేల మీద పల్లకి మోయడం ఎంతటి కష్టమో ఊహించవచ్చు. యాత్రికుని పేరు చరిత్రలో నిలిచింది. భుజాలు కాయలుగాచేలా ఆయనను మోసిన బోయీల పేర్లు మనకు దక్కలేదు. అయితే వారి భుజబలం లేనిదే ఈ యాత్ర లేదు, ఈ గ్రంథమూ లేదు. ఏ మహాయాత్రను గురించి చదివినా ఈ సత్యాన్ని మరువరాదు.

ఆదిలాబాదు దాటిన తరువాత పెన్‌గంగ, ఆ పైన వార్ధా ఎదురవుతాయి. ఆ బాటలోనే హింగన్‌ఘాట్ అనే ఊరు ఉంది. భారతదేశపు నేలను త్రికోణాలుగా విభజించి కొలిచే మహాకార్యాన్ని 1802లో చెన్నపట్టణంలో ప్రారంభించిన విలియం లాంబ్టన్ 1823లో ఆ ఊరిలోనే కన్నుమూశారు. ఆయన ఆరంభించిన సర్వేక్షణే దశాబ్దాల తరువాత హిమాలయ శిఖరాల ఎత్తును లెక్కకట్టింది. రాధానాథ్ సిక్‌దార్ మొదలైన గణకుల కృషి ఫలితంగా 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని లోకానికి ప్రకటించారు. చెన్నపట్టణం నుండి ఒకరు గొలుసులతో, యంత్రాలతో దేశాన్ని కొలుస్తూ వచ్చారు. ఏడేళ్ల తరువాత అదే నగరం నుండి మరొకరు కలం చేతబూని దేశాన్ని పరిశీలిస్తూ వచ్చారు. మొదటివారు నేలను కొలిచారు. రెండవవారు ఆ నేల మీది మనుషుల స్థితిగతులను కొలిచారు.

నాగపూర్ అప్పటికి భోంస్లేల రాజధాని. దానికి ఉత్తరాన సాత్పురా కొండలు, జబల్‌పూర్ వద్ద నర్మదా నది, ఆపైన వింధ్య పర్వత శ్రేణులు ఉన్నాయి. ఆ దారికి మరొక అపకీర్తి కూడా ఉండేది. బాటసారులతో స్నేహం నటించి, నమ్మించి, గొంతు నులిమి చంపే ఠగ్గులు మధ్యభారతపు బాటలలో సంచరించేవారు. వారిని అణచే ప్రయత్నం స్లీమన్ అనే అధికారి ఆధ్వర్యాన సరిగా ఆ కాలంలోనే ముమ్మరమైంది. కొత్తవారి పలకరింపును నమ్మాలో, నమ్మరాదో తెలియని దారి అది. కనుమలు దిగి గంగాతీరాన ఉన్న మీర్జాపూర్ చేరి, అటు ప్రయాగ వెళ్లి, వీరాస్వామయ్య త్రివేణిలో స్నానం చేశారు. అక్కడ యాత్రికులు కంపెనీ ప్రభుత్వానికి పన్ను చెల్లించాలి. ఆ పన్ను 1840లో గాని రద్దు కాలేదు.

ఆయన ఈ దారుల మధ్య ఉన్న రోజులలోనే, 1830 సెప్టెంబరు 15న, ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల నడుమ రైలుమార్గం ప్రారంభమైంది. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853లో నడిచింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలలోనే కాలిబాటలు, మజిలీలు, సత్రాలు కలిసి ఏర్పరచిన పాత ప్రయాణ లోకం క్రమంగా అంతరించింది. అంతరించబోయే లోకాన్ని చివరి గడియలలో చూసి రాసిన సాక్షి వీరాస్వామయ్య. తాను అటువంటి సాక్షినని ఆయనకు తెలియదు. తెలియకనే ఆ పని నిర్వర్తించారు.

కాశీవాసం ముగిసిన తరువాత ఆయన వచ్చిన దారినే మరలలేదు. పాట్నా, గయ చూసి, గంగా ప్రవాహంలో పడవ ప్రయాణం చేసి కలకత్తా చేరారు. కంపెనీ రాజ్యానికి రాజధాని అయిన ఆ మహానగరాన్ని పరిశీలించి, కటకం, పూరీల మీదుగా దక్షిణానికి మళ్లారు. గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరు మొదలైన తీరసీమలను దాటి 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణంలో అడుగుపెట్టారు. యాత్రకు 15 నెలలకు పైగా పట్టింది. వెళ్లినది దక్కను పీఠభూమి మీదుగా, వచ్చినది సముద్రతీరం వెంబడి. ఆ విధంగా ఆయన తెలుగు దేశపు రెండు పార్శ్వాలనూ ఒకే యాత్రలో చూడగలిగారు.

ఆయన రచనా విధానం ప్రత్యేకమైనది. ఊరు పెద్దదా, చిన్నదా, ఇళ్లెన్ని, అంగళ్లెన్ని, నీరు బావిదా, చెరువుదా, ఏ వస్తువులు దొరుకుతాయి, దారి ఇసుకా, రాయా, రేగడా అన్న వివరాలను ఆయన ఓపికగా నమోదు చేశారు. వెనుక వచ్చే బాటసారికి ఉపకరించాలన్నది ఆయన తలంపు. భాష విషయంలోనూ ఆయన ఆడంబరానికి పోలేదు. తెలుగులో కావ్యరచన ఛందోబద్ధంగా, సమాసభూయిష్ఠంగా సాగుతున్న రోజులలో ఆయన తన కాలపు వ్యవహారంలోని మాటలతో, కచేరీలలోని ఉర్దూ, ఇంగ్లీషు పదాలతో సహా వచనం రాశారు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ఎన్నో దశాబ్దాల ముందటి మాట ఇది.

ఆయనను పొగిడేటప్పుడు ఆయన పరిమితులను కూడా చెప్పుకోవాలి. వర్ణవ్యవస్థను ఆయన ప్రశ్నించినవారు కారు. కంపెనీ ఉద్యోగిగా ఇంగ్లీషువారి పాలనలోని శాంతిభద్రతలను మెచ్చుకున్నారు. ఆ పాలన దేశ సంపదను తరలించుకుపోతున్న తీరు ఆయనకు మనకు తెలిసినంతగా తెలియదు. కొన్ని నమ్మకాలను విచారణ లేకుండానే అంగీకరించారు. మనిషి ఎంత దూరం నడిచినా తన కాలాన్ని పూర్తిగా దాటిపోలేడు. అయితే కళ్లెదుట ఉన్నదాన్ని తన అభిప్రాయానికి అనుగుణంగా మార్చి రాయలేదు. అందువల్లనే ఆయన అభిప్రాయాలతో ఏకీభవించని పాఠకుడు కూడా ఆయన ఇచ్చిన వివరాలను నమ్మగలుగుతున్నాడు.

యాత్ర ముగిసిన ఐదేళ్లకు, 1836లో, వీరాస్వామయ్య కీర్తిశేషులయ్యారు. తన రచనను అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు కలగలేదు. కోరి రాయించుకున్న మిత్రుడు శ్రీనివాస పిళ్లె ఆ లేఖలను భద్రపరచి, 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పేర ప్రకటించారు. తెలుగు అచ్చు పుస్తకాలు అరుదుగా ఉన్న ఆ రోజులలో అది మిత్రునికి సమర్పించిన ఘనమైన నివాళి. కాలక్రమంలో ప్రతులు దుర్లభమైన స్థితిలో దిగవల్లి వెంకటశివరావు ఎంతో శ్రమించి, వివరణలు చేర్చి 1941లో దానిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఒకరు నడిచారు, ఒకరు దాచారు, ఒకరు వెదకి తీశారు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు అలక్ష్యం చేసినా ఆ బాట మనకు కనుమరుగయ్యేది.

ప్రపంచంలో కొండలెక్కడం సాహసక్రీడగా రూపొందిన చరిత్రను పరిశీలిస్తే, ఐరోపాలోని మాంట్ బ్లాంక్ శిఖరాన్ని 1786లో తొలిసారి అధిరోహించారు; పర్వతారోహకుల సంఘం 1857లో లండన్‌లో ఏర్పడింది. ఈ రెండింటి మధ్య కాలంలో సాగింది వీరాస్వామయ్య యాత్ర. శిఖరం మీద జెండా నాటడం ఆయన లక్ష్యం కాదు. కొండ అవతల ఎవరున్నారో, ఏమి తింటున్నారో, ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడం ఆయన సాహసం. ఆ తరువాతి కాలంలో తెలుగువారు శిఖరాలనూ చేరుకున్నారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఒకే ఏడాదిలో, 2006లో అధిరోహించి, 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు విడిచారు. నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరంపై నిలిచింది. వీరాస్వామయ్య పల్లకి సాగిన పాత నాగపూర్ బాట ఆ నిజామాబాదు సీమ మీదుగానే పోతుంది.

నేడు మనం వాహనమెక్కి కొన్ని గంటలలో ఆ దారులన్నింటినీ దాటగలం. దాటినంత మాత్రాన చూసినట్లు కాదు. ఊరి పేరు అడగకుండా, నీటి రుచి ఎరగకుండా, మనుషులతో మాట్లాడకుండా వెళ్లినవాడికి దూరం తరుగుతుంది గాని జ్ఞానం పెరగదు. విద్యార్థులు ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. తమ ఊరి నుండి పక్క ఊరి వరకు నడిచి, దారిలో కనిపించిన చెరువునూ, గుట్టనూ, పాత గుడినీ, అక్కడి మనుషుల వృత్తులనూ ఉన్నదున్నట్లు ఒక పుస్తకంలో రాసుకున్నా వారు వీరాస్వామయ్యకు వారసులే అవుతారు. మహదేవపూర్‌లో దసలి పట్టు నేసే మగ్గం మొదలుకొని కాళేశ్వర సంగమంలో పుట్టి నడిపే వ్యక్తి వరకు రాయదగిన విషయాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. రెండు వందల ఏళ్ల తరువాతి పాఠకుడు వాటి కోసం వెదకవచ్చు. రాసినవాడు దుబాసీ వలె నిజాయితీగా రాసి ఉంటే ఆ పాఠకునికి మన కాలం సజీవంగా కనిపిస్తుంది.